గోరు చప్పుడు

కువైట్ నుంచి నిన్న ఒక చప్పుడొచ్చింది.
మాట కాదు, చప్పుడే.
పద్నాలుగు సెకన్లు.
పంపింది నాసర్, మా అర్బాబు కొడుకు.
దాని ఎనక ఒక్క మాట:
"దస్తగిరీ, నాయన కారు ఇది. వేడెక్కితే మళ్లీ లేయదు.
ఇప్పి బాగు చేయించాల్నా, ఇంజనే మార్చాల్నా?
ఇక్కడోళ్లంతా మార్చమంటాండారు."

అల్మాస్‌పేటలో మధ్యాన్నం రెండు.
షెడ్డు రేకులు చిటపటమంటాండాయి.
ఓబులేసును కంప్రెసర్ ఆపమంటి.
ఎడమ చెవి షువైఖ్ గ్యారేజీలోనే పాయె,
కుడిచెవికి ఫోను ఆనించుకుంటి.

"పిస్టనే లేదా భాయ్? మరి ఏం తిరుగుతాది లోపల?"
వానికెట్ల చెప్పేది.
ఉబ్బిన సమోసా మాదిరి మూడు మూలల ఇనుపముక్క,
నడుం నొక్కిన గూట్లో,
బొంగరం మాదిరి కాదు, గానుగ మాదిరీ కాదు,
తాగొచ్చినోడు చీకట్లో ఇల్లంతా తడుముకున్నట్టు
మూడు మోచేతులూ గోడకు రాసుకుంటా తిరుగుతాది.
మోచేతి కొసల్లో పట్టీలుంటాయి,
అగ్గిపుల్లంత మందం.
అంత బండినీ ఆ అగ్గిపుల్లలే మోస్తాయి.

మంచి ఇంజనైతే సెల్ఫ్ కొడితే
బుస్, బుస్, బుస్. మూడూ ఒకే తీరు.
ముసలిదైతే మూడూ మెత్తగా వస్తాయి.
అదేం తప్పు కాదు, అరుగుదల.
ఇది అట్లా లేదు.
బుస్... స్... స్...
ఒకటి గట్టిది, రెండు పేలవం.
నడిమిగోడ కూలితే రెండిండ్లూ బయటపడినట్టు,
ఒక పట్టీ విరిగింది.

వాళ్ల నాయన నాకు రెండు నెలల జీతం ఎగ్గొట్టె.
ఆ కారుకు మాత్రం ఆయిలు జపాన్ నుంచి రావాల.
రమ్‌జాన్ నెల్లో ఇఫ్తార్ అయినాక
నన్ను పక్కన కూర్చోబెట్టుకొని
సముద్రం రోడ్డులో తొమ్మిదివేల దాకా తిప్పినాడు ముల్లు.
ఆ రాత్రి జీతం సంగతి అడగల్యా.
నోటికాడికొచ్చింది, అడగల్యా.

నాసర్‌కు చెప్తి:
ఇప్పు. లోపల గోడకు వెండి మాదిరి పూత ఉంటాది.
దాని మీద బొటనవేలి గోరు గీయి.
జారిపోతే బాగు చేసుకో, తగులుకుంటే మార్చు.
ముప్పై ఏండ్లు ఈ గోరొక్కటే కత్తిరించకుండా పెంచుకొంటి నేను,
ఇంట్లో పిల్లోళ్లు నగితే నగనీ అని.

నాలుగు దినాలకు ఫోటో వచ్చె.
పాలల్లో నానబెట్టినట్టుండే గోరు,
అద్దం మాదిరి గోడ.
ఫోటోలో మెరుపు కనపడతాది,
గీత కనపడదు.

"అది నీ గోరుతో అయ్యే పని కాదు.
గ్యారేజీలో పనోన్ని పిలువు, వాన్ని గీయమను.
ఫోటో వద్దు, చప్పుడు పంపు."

మళ్లీ ఓబులేసు కంప్రెసర్ ఆపె.
చెన్నూరు పాలాయన బండి సగం ఇప్పి ఉండాది స్టాండు మీద,
ఆయప్ప బీడీ పక్కన పెట్టి
తనూ వినేదానికి వంగినాడు.
ఎవుని గోరో, బెంగాలీదో, మిస్రీదో,
కిర్ర్‌మని జారతా వచ్చి
ఒక్కచోట
టిక్.
ఇంగోసారి పెట్టుకొని వింటి.
టిక్.

"గూడు పోయింది నాసర్, దాన్ని మార్చు.
లోపలి ముక్కలు మాత్రం ఎవురు చెప్పినా పారేయొద్దు,
పట్టీ కూర్చునే గాడి ఇంకా నిలువుగానే ఉండాది.
కొత్త పట్టీలేసి మళ్లీ కూర్చోబెట్టు."

"అంటే బాగు చేసినట్టా, మార్చినట్టా?"

ఏం చెప్పాల్నో తెలీక ఫోను జేబులో పెట్టుకొంటి.
పాలాయన అడిగె, నా బండి మాటేంది సాయిబూ అని.
బోరులోకి బొటనవేలు పెట్టి
పైనుంచి కిందికి ఒకసారి లాగితి.
ఆయప్ప నా మొగం చూస్తాండాడు.

ఓబులేసూ, రోంత సేపు
దాన్ని ఏయొద్దు రా.